రెండో లిస్టు మేడం

ఆమె మా కాలేజీ లోపలికి వచ్చింది తక్కువ, గేటు దగ్గర నిలబడింది ఎక్కువ. ఆత్మకూరులో నేను కెమిస్ట్రీ చెప్పిన ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆ రోజుల్లో సొంత ప్రవేశ పరీక్ష ఉండేది. ఫలితాలు నోటీసు బోర్డులో అతికించే రోజున, ఉదయగిరి నుంచి నెల్లూరు పోయే మొదటి బస్సులో వచ్చి, నల్ల గొడుగు వేసుకుని సరిగ్గా గేటు పక్కన నిలబడేది. లిస్టులో పేరు చూసుకుని గంతులేసుకుంటూ వచ్చేవాళ్ళతో ఆమెకు పనిలేదు. పేరు కనిపించక, బోర్డును రెండుసార్లు మూడుసార్లు చదివి, ముఖం వేలాడేసుకుని బయటికి వచ్చే పిల్లలకు గొడుగు అడ్డం పెట్టేది.

"ఏం పాపా, లేదా పేరు?"

"లేదు మేడం."

"అయితే ఏంది? మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి?"

మార్కుల మాట ఎత్తేది కాదు. బస్సు సంగతి తేలాకే మిగతా సంగతులు. ఆమె ఉదయగిరిలో, కొండ కింది గవర్నమెంటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మాకు కటాఫ్ ఉంది, వాళ్ళకు లేదు. మేం వద్దన్నవాళ్ళంతా తనవాళ్ళేనని ఆమె నమ్మకం.

పోయిన నెల ఆమె ఫోటో నా ఫోన్‌లోకి వచ్చింది. కింద ఆమె పోయిన తేదీ, చర్చిలో ఆదరణ కూడిక ఎప్పుడో రాసి ఉంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, దాని పైనుంచి చూసే ఆ చూపు. ఎవరు తీశారో గానీ సరిగ్గా తీశారు. ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె పేరు తెలిసినవాళ్ళు బహుశా వాళ్ళ ఇంటివాళ్ళూ పాస్టరుగారే. పిల్లలకు ఆమె బస్సు మేడం. మా స్టాఫ్ రూములో మాత్రం రెండో లిస్టు మేడం. ఆ పేరు రావడానికి కారణం నేనే.

నాకు అడ్మిషన్ల బాధ్యత అప్పగించిన మొదటి ఏడాది. ఫలితాలు పెట్టిన పూట ఆమె నేరుగా నా గదిలోకి వచ్చి, కూర్చోమనకముందే కూర్చుని, కొంగుతో విసురుకుంది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. పదిమందిలో సార్ అంటుంది, పని పడితే నాయనా అంటుంది.

"అందరూ నీ కాడికి మొదటి లిస్టు కోసం వస్తారు నాయనా. నాకది వద్దు. రెండోది ఇయ్యి."

"రెండో లిస్టు లేదు మేడం. మేం వేసేది ఒక్కటే లిస్టు."

"ఎందుకు లేదు? ఉండాది. అందులో లేనోళ్ళంతా రెండో లిస్టే గదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వినందుకు ఇవ్వక తప్పలేదు. సంగతి తెలిసి మా ప్రిన్సిపాల్ మండిపడ్డాడు. "ఆమె మన గేటు ముందే దుకాణం తెరిచింది. లోపలికి రానివ్వొద్దు" అని వాచ్‌మన్‌కు ఆర్డరేశాడు. వాచ్‌మన్ ఆమెను లోపలికి రానివ్వలేదు గానీ, బయటే ఒక కుర్చీ వేశాడు. నేను లిస్టును దినపత్రికలో మడిచి బస్టాండు దాకా తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. మూడో ఏడాదికి ప్రిన్సిపాలే, "ఏమయ్యా, ఆమె కాగితం ఆమెకు ఇచ్చావా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఆమె దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. చేరిన పిల్ల పేరు, ఊరు, దాని పక్కన మార్కులు ఉండాల్సిన చోట ఇంటికి పోయే ఆఖరి బస్సు టైము. తరగతిలో కూడా బస్సుతోనే పిలిచేది. "ఏం మూడున్నర వరికుంటపాడూ, నిద్రపోతుండావా? లేసి ఈ ఈక్వేషన్ బ్యాలెన్సు చెయ్యి." ఒకే బస్సుకు పోయేవాళ్ళు నలుగురుంటే నలుగురూ లేచి నిలబడేవాళ్ళు. ఆమెకు అదీ సంతోషమే.

పరీక్షల సమయంలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వాళ్ళ ల్యాబుకు పోయేవాణ్ణి. సాల్టు సీసాలన్నిటిలో, ఉదయగిరికి పేరు తెచ్చిన చిన్న చిన్న చెక్క గరిటెలు. స్టీలువి తుప్పు పడతాయని చెప్పి చేయించిందట. ఏ ల్యాబులోనూ అట్లాంటివి చూడలేదని అంటే, "ఏ ఊళ్ళో ఉండారో గుర్తుండొద్దా సార్?" అంది. అక్కడ గడియారం ఉండేది గానీ ఆమె దాన్ని చూసేది కాదు. పరీక్షనాళికను వేడి చేయమంటే ఎన్ని నిమిషాలో చెప్పదు. చర్చిలో పాడే కీర్తన ఒకటి సన్నగా అందుకుని, "రెండు చరణాలు ఉడకనీ" అంటుంది. తురకల పిల్లలు, రెడ్ల పిల్లలు, మాలపల్లె పిల్లలు అందరికీ ఆ కీర్తన కంఠతా వచ్చు. వైవాలో ఒక అమ్మాయిని ఎంతసేపు వేడి చేయాలమ్మా అని అడిగాను. "పల్లవితో కలిపి రెండు చరణాలు సార్" అని జంకు లేకుండా చెప్పింది. మార్కులు వేశాను. ఏం చేస్తాను?

ఆత్మకూరు బస్టాండు టీ బంకు దగ్గర, ఆమె తిరుగు బస్సు వచ్చేలోగా, మాకు ఏటా ఒక తగువు. కాలేజీల ఫ్లెక్సీలను గొంతెత్తి చదవడం ఆమెకు సరదా. "పరిమిత సీట్లు మాత్రమే" అని చదివి, "పరిమితం సీట్లా, సార్లా?" అని నన్ను చూసేది. మా కాలేజీలో అప్పుడు లెక్చరర్లు నిజంగానే తక్కువ.

"పాసయ్యేవాళ్ళనే చేర్చుకొని, పాస్ చేయించినామని బోర్డు కడతారు. ఇదేం గొప్ప సార్?"

"అందర్నీ చేర్చుకుంటే ఎట్లా మేడం? మా ల్యాబులో ఉన్న బ్యూరెట్లు ఇన్నే. ఒక్కో బ్యూరెట్ చుట్టూ ఆరుగురు నిలబడితే ఒక్కరికీ పని రాదు."

"బ్యూరెట్టు మాట నిజమే. ఒప్పుకుంటా. కానీ మీరు బ్యూరెట్లు కొనకుండా పేపరు కష్టంగా ఇస్తుండారు."

అలాగని ఆమె చేర్చుకున్నవాళ్ళంతా గట్టెక్కారని చెప్పను. ఒకాయన ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒక్కటే ఆరుసార్లు రాశాడు. ఆరోసారి కూడా పోయింది. "రెండు మార్కులు పెరిగినాయి సార్!" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇట్లాంటివాళ్ళ ఆయుష్షును మీరు వృథా చేస్తున్నారు మేడం, మొదట్లోనే కాదని చెప్పడం వాళ్ళకు మేలు అని నేను అన్నాను. తర్వాత కలిసినప్పుడు ఆమె ఆ మాట ఎత్తకుండా బిస్కెట్ ప్యాకెట్ విప్పి నా ముందుకు తోసింది. ఆ ఒక్క వాదంలో మాత్రం నేను గెలిచానని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకొక వాదంలో కూడా గెలిచాననే అనుకున్నాను, మొన్న మొన్నటిదాకా.

ఒక ఏడు వాళ్ళ కాలేజీకి పైనుంచి కాగితం వచ్చింది. కెమిస్ట్రీ గ్రూపులో తక్కువలో తక్కువ ఇంతమంది చేరకపోతే గ్రూపు ఎత్తేస్తామని. ఎత్తేస్తే ఆమె ఉద్యోగానికి ముప్పేమీ లేదు, ఇంకో ఊరికి బదిలీ అవుతుంది, అంతే. కానీ కొండ చుట్టుపక్కల పల్లెల్లోని ఆడపిల్లలకు ఇంటి నుంచి పోయి వచ్చే దూరంలో ఉన్న సైన్సు గ్రూపు అదొక్కటే. రెండో లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ ఎండలో తిరిగింది. గడువు ఇంక మూడు రోజులుందనగా ఒక్కరు తక్కువ. ఒక్కరంటే ఒక్కరు. ఆ సంగతి ఫోన్‌లో నాకు చెప్పినప్పుడు మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

మర్నాడు పొద్దున నా గది తలుపు తోసుకుని వచ్చింది. వెంట ఒక అమ్మాయి. సన్నగా, ప్లాస్టిక్ ఫైలును రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉంది. వరికుంటపాడు అవతల చెరువు కింద ఒక చిన్న పల్లె, అమ్మానాన్నలు కూలి పనికి పోతారు.

"సార్, ఈ పాపకి మీరు సీటు ఇయ్యాల."

నా చెవులను నేను నమ్మలేదు. మేం వద్దన్నవాళ్ళను ఏరుకుపోయే మనిషి నాకు ఒకరిని తెచ్చి ఇస్తోంది.

"మీకే ఒకరు తక్కువన్నారు గదా మేడం?"

"తక్కువే. ఈ పాప చేరితే సరిపోతాది కూడా. కానీ వాళ్ళూరికి ఆఖరి బస్సు మూడున్నరకి. నా ల్యాబు నాలుగున్నర దాకా. దసరా వరకూ అగచాట్లు పడతాది, ఆ తర్వాత మానేస్తాది. ఇట్టా మానేసినోళ్ళని చూసినా నేను. ఈడైతే ఆడపిల్లల హాస్టల్ ఉండాది."

అమ్మాయి జవాబు పత్రం అల్మారాలోంచి తీశాను. మొదటి పేజీ మీద నేను వేసిన మొత్తం చూశాను. కటాఫ్‌కు రెండు తక్కువ.

"రెండు మార్కులు తక్కువ మేడం."

"రెండే గదా నాయనా."

"రెండుకి వదిలితే రేపు మూడు తక్కువైనవాళ్ళు వస్తారు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి గదా."

ఆ మాట అనేటప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉండిందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పిల్ల నా ముందే నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

"ఆ పేపరు ఇట్టా ఇయ్యి" అంది మేడం.

ఇచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, బొటనవేలును వేళ్ళ కణుపుల మీద జరుపుకుంటూ పేజీ తర్వాత పేజీ తిప్పింది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాను. చివరి పేజీ దాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి తిప్పింది. ఆ తర్వాత కళ్ళజోడు పైనుంచి నన్ను ఒక చూపు చూసి, వస్తున్న నవ్వును కొంగుతో అడ్డుకుంది.

"సరే సార్. మీ గీత మీది. పా పాపా" అని పేపరు నా చేతిలో పెట్టి లేచింది.

మేడం ఒప్పేసుకుందని ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో గొప్పగా చెప్పాను. తర్వాత రెండు మూడుసార్లు ఆ పిల్ల వంచిన తల గుర్తొచ్చి, ఇచ్చి ఉండాల్సిందేమో అనిపించింది. అనిపించినప్పుడల్లా రూలు రూలే అని సర్దిచెప్పుకున్నాను. అంతలో ఉదయగిరిలో గ్రూపు నిలబడిందని కబురు తెలిసింది. ఎవరో దొరికారన్నమాట అనుకున్నాను.

ఎండాకాలం రాకముందు ప్రాక్టికల్స్‌కు పోతే, మధ్యాహ్నం ఉండాల్సిన ల్యాబు పొద్దునే జరుగుతోంది. ఎప్పుడు మార్చారు మేడం అని అడిగాను.

"మా కటాఫ్ మూడున్నర బస్సు గదా సార్. బస్సు జరగదని తెలిసి ల్యాబుని జరిపినాం. పొద్దునపూట ఇంటర్ వాళ్ళది. వారం రోజులు వాళ్ళతో కొట్లాడినా."

కిటికీ పక్క బ్యూరెట్ దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. తల ఎత్తే ఉంది. చుక్క చుక్కగా వదులుతూ, ద్రావణం లేత గులాబీ రంగుకు తిరిగీ తిరగగానే చప్పున ఆపింది. మా కాలేజీలో అంత శుభ్రంగా ఎండ్ పాయింట్ పట్టినవాళ్ళు ఆ ఏడు ఇద్దరో ముగ్గురో. పూర్తి మార్కులు వేశాను.

"ఇప్పుడైనా మీ గీత దాటిందా సార్?" అంది మేడం, పిల్లలందరి ముందూ. పిల్లలు కిసకిసమన్నారు. నేనూ నవ్వాను గానీ ఎక్కడో చురుక్కుమంది.

ఆ తర్వాత అడ్మిషన్లన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. మా పరీక్షా పోయింది, మా గీతా పోయింది. ఆమె రిటైరైంది. రిటైరై ఊరుకుందా? జూన్, జూలై నెలల్లో ఉదయగిరి నెట్ సెంటర్లో ఒక కుర్చీ ఆమెదే. కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవడానికి వచ్చిన పిల్లలు, "ఏది టాప్ కాలేజీ మేడం?" అని అడిగితే ఆమె అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. చివరికి నెట్ సెంటర్ అతను కంప్యూటర్ పైన గోడకు బస్సుల టైం టేబుల్ అంటించాడు. దాన్ని ఫోటో తీసి నాకు పంపింది. కింద ఒక వాక్యం రాసింది: "మెరిట్ లిస్టు పెట్టించినా సార్."

ఆదరణ కూడికకు పోయాను. చర్చి ముందర షామియానా, కుర్చీలు చాలక జనం గోడ మీద కూడా కూర్చున్నారు. ఏడుపు ముఖాలు తక్కువ. బ్యాంకులో పనిచేసే ఒకాయన నాకు చేయి కలిపి, "నేను నాలుగూ పది సార్" అని పరిచయం చేసుకున్నాడు. పక్కనున్న ఆవిడ, "నేనూ అదే బస్సు" అంది. పాస్టరుగారు బైబిల్ వాక్యం చెప్పడం ముగిశాక టీ ఇచ్చారు. టీ తాగి మళ్ళీ కూర్చున్నాక, ఆమెను గురించి మాట్లాడదలచినవాళ్ళు మాట్లాడాలని అనుకున్నారు. నేను కప్పుతో ఒక పక్కన నిలబడి ఉండగా ఒకామె దగ్గరికి వచ్చింది.

"బాగుండారా సార్? గుర్తుపట్టినారా? మూడున్నర వరికుంటపాడు."

తల ఎత్తి నా కళ్ళలోకి చూస్తేనే పోల్చుకున్నాను. కలువాయి దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరుగా చేస్తోందట. నాలో చాలా ఏళ్ళుగా మిగిలిపోయిన మాట ఒకటి ఉంది. ఇంకెప్పుడు అంటాననిపించి అనేశాను.

"ఆ రోజు నీకు సీటు ఇయ్యలేకపోయానమ్మా. రెండు మార్కులకి పట్టుబట్టాను. మనసులో పెట్టుకోకు."

ఆమె నా ముఖం చూసి, ఆశ్చర్యపోయి, నవ్వేసింది.

"మీకింకా తెలియదా సార్? మేడం చెప్పనే లేదా?"

"ఏందమ్మా?"

"నాకు సీటు వచ్చింది సార్. మీ కూడికే తప్పింది. నాలుగో పేజీలో మీరే వేసిన ఐదు మార్కులు మొత్తంలో కలపలేదు. కటాఫ్ కన్నా మూడు ఎక్కువ నాకు."

నా చేతిలో టీ చల్లారిపోతోంది. ఆమె చెబుతూనే ఉంది.

"గేటు బయటికి రాగానే మేడం నిలబెట్టి చెప్పింది. ‘పాపా, నీకు సీటు ఉండాది. వెనక్కి పోదామంటే ఇప్పుడే పోయి సారు చేత ఇప్పిస్తా, హాస్టల్లో ఉండి చదువుకో. నా కాడికి వస్తానంటే ల్యాబు పొద్దునకి మారుస్తా, ఎవురితో కొట్లాడైనా సరే. నా గ్రూపు సంగతి నువ్వు పట్టించుకోవద్దు. వాళ్ళు నిన్ను సెలెక్ట్ చేసేదేంది? నువ్వే సెలెక్ట్ చేసుకో’ అనింది సార్. అంతకు ముందు నన్ను ఎవురూ ఏదీ ఎంచుకోమని అడగలేదు. రోడ్డు మీద అట్టే నిలబడి ఆలోచించినా. మేడాన్ని సెలెక్ట్ చేసుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా ఆమె?"

"నేనూ అడిగినా సార్. ‘వద్దు పాపా, మంచోడు. కూడిక తప్పిందంటే సిగ్గుపడి మొహం చాటేస్తాడు. వచ్చే ఏడు మనకి లిస్టు ఎవురిస్తారు?’ అనింది."

సిగ్గేసింది. నిజంగా చెవులు వేడెక్కాయి. నాకు ముందుగా గుర్తొచ్చింది మా అల్మారాలో ఆ పేపరు కింద ఉన్న మిగతా పేపర్లు. ఇంకా ఎన్నింటిలో ఎన్ని పేజీలు కలపలేదో, ఎంతమంది బోర్డు ముందు మూడోసారి చదువుకుని వెళ్ళిపోయారో ఎవరికి తెలుసు? వాటిని చూసే మనిషి ఎవరూ రాలేదు. ఆమె ఒక్క పేపరే చూసింది.

లోపల మైకు సర్దుతున్నారు. పాస్టరుగారు, "మేడంగారి గురించి ఎవరైనా రెండు మాటలు..." అంటూ నా వైపు చూశారు. రెండు కాలేజీల తగువు ఆయనకూ తెలుసు. నేను రెండు పేజీలు రాసుకుని తెచ్చుకున్నాను. వాటిని జేబులోనే ఉంచి ఆ టీచరమ్మతో అన్నాను.

"ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు మైకులో చెప్పమ్మా."

"వద్దు సార్! మీ పరువు పోతాది."

"పోనీ. ఫలితం తప్పుగా పెట్టినప్పుడు సరిచేసి మళ్ళీ బోర్డులో పెట్టాలి. నేను పెట్టలేదు."

ఆమె వెళ్ళి మైకు అందుకుంది. నాలుగో పేజీ దగ్గరికి వచ్చేసరికి జనంలో చిన్న కదలిక. ఎవురిస్తారు లిస్టు అన్న మాట దగ్గర షామియానా మొత్తం పగలబడి నవ్వింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోడ మీద కూర్చున్నవాళ్ళు మెడలు సాచి ఆ సారు ఎవరా అని వెతుకుతున్నారు. నేనే లేచి నిలబడి, ఆ సారును నేనే అన్నట్టు రెండు చేతులూ జోడించాను. చప్పట్లు కొట్టారు. నవ్వుతూనే కూర్చున్నాను గానీ, ఆమె బతికుండగా ఒక్కసారి ఇట్లా ఆమె ఎదురుగా ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, ఏడుపు ఆపుకోలేకపోయాను.